పాస్టరుగారు వదిలేసిన తాడు

పడవ తాడు పట్టుకోవలసిన పని పాస్టరుగారిది. ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి ప్రయాణం కోసం ప్రార్థన మొదలుపెట్టారు. మధ్యలో ఆవేశం వచ్చి రెండు చేతులూ ఎత్తేశారు. ఒడ్డు మీద డాక్టరుగారితో సహా అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి. పడవ నడిపే మనిషి మా మతం వాడు కాకపోయినా, మర్యాదకు తనూ మూసుకున్నాడట. తెడ్డు అతని చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళు కళ్ళు తెరిచేసరికి పడవ లేదు. పడవలో మందుల పెట్టెలు, బియ్యం బస్తాలు, వంటామె, నేను.

నేను కళ్ళు మూసుకోలేదు గానీ తాడు వైపూ చూడలేదు. ప్రార్థన తప్పించుకోవడానికి మందుల పెట్టెలు సర్దుతున్నట్టు నటిస్తున్నాను.

నేను మిషన్ ఆసుపత్రిలో నర్సును. ఏటి అవతల ఊళ్ళలో వైద్య శిబిరం పెట్టాలని బయలుదేరాం. ఇలాంటి ప్రయాణాల్లో రోజుకొకరు పైకి వినపడేలా ప్రార్థన చెయ్యాలని మావాళ్ళ పద్ధతి. నాకేమో తమ్ముడు పోయినప్పటినుంచీ దేవుడితో మాటల్లేవు. వాడు నా వార్డులోనే, నా కళ్ళ ముందే పోయాడు. మోకాళ్ళు కాయలు కాచేలా వేడుకున్నాను. ఆయన ఉలకలేదు, పలకలేదు. ఈ ప్రయాణంలోనైనా నోరు పెగలకపోతే ఆసుపత్రి వదిలేసి వెళ్ళిపోదామనుకున్నాను. లోపల ఏమీ లేకుండా రోగుల మంచాల పక్కన ఆ మాటలు పలకడం నావల్ల కాదు.

వంటామెకూ నాకూ పొసగదు. ఆమె నోటికి తాళం ఉండదు. పైగా ప్రార్థన అనగానే అందరికంటే ముందు ఆమె కళ్ళు మూతపడతాయి, బొటబొటా నీళ్ళు కారతాయి. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. అసూయే, ఇంకేం కాదు.

మంచు దట్టంగా ఉంది. ఒడ్డున కేకలు సన్నబడి, ఆగిపోయాయి. నీళ్ళు ఎక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. పడవ కదులుతోందో, మంచే వెనక్కి జరుగుతోందో కూడా తెలియలేదు. కనపడని గట్టున ఏదో పశువు నీళ్ళు తాగుతున్న చప్పుడు చాలాసేపు మా పక్కనే నడిచింది. భయపడాలని తెలుసు. అయినా నిద్రలో నడుస్తున్నంత హాయిగా ఉంది.

ప్రార్థనకని కళ్ళు మూసి బస్తాల మీద అలాగే కునుకు తీసిన వంటామె లేచి చుట్టూ చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నర్సమ్మా, నాకు ఈత రాదు. కాస్త ప్రార్థన చెయ్యి."

"నాకు రాదు పిన్నీ. తమ్ముడు పోయాక మానేశాను."

ఇక ఉపదేశం తప్పదనుకున్నాను. ఆమె మాత్రం నా చెయ్యి వదలకుండా ఇంకా దగ్గరికి జరిగింది.

"నాకు మొదటినుంచీ రాదు," అంది. "కళ్ళు మూసుకుని, మమ్మల్ని వదిలేసి పోయిన మా ఆయన్ని తిట్టుకుంటా. గట్టిగా ఏడవడానికి ఇంట్లో చోటు లేదు. అందుకే ప్రార్థనలో ఏడుస్తా. ఆ పైవాడు వింటాడో లేదో నాకేం తెలుసు? ఇంతవరకూ లేచి పొమ్మనలేదు."

నాకు నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో చెప్పలేను.

"వాడింకా చిన్నవాడు," అన్నాను. "ఎంత బతిమాలాను నిన్ను. ఎందుకు పలకలేదు? ఒక్కసారి పలికితే నీ సొమ్మేం పోయింది?"

నేను మాట్లాడుతున్నది పిన్నితో కాదని సగంలో తెలిసింది. మంచులోంచి జవాబేమీ రాలేదు. కానీ దేవుడు లేనే లేకపోతే ఆయన మీద మనిషికి ఇంత కోపం రాదు.

పడవ అడుగు ఇసుకకు రాసుకుని ఆగింది. దూరంగా మమ్మల్ని వెతుక్కుంటూ వస్తున్నవాళ్ళ పిలుపులు వినపడ్డాయి. పిన్ని బదులు పలకబోయి, నా ముఖం చూసి ఆగింది.

"పైవాడితో చెప్పుకోవలసింది ఇంకా ఉందా?"

"చాలా ఉంది పిన్నీ."

"అయితే కానియ్యి. వాళ్ళను నేను చూసుకుంటాలే," అని నాకు అడ్డంగా జరిగి, ఒడ్డు వైపు తిరిగి కూర్చుంది.