తువ్వాలు చాటు తీర్మానం

నేను ఒక ఎర్రంచు తువ్వాలును. మగ్గం దిగేనాటికి నా ఆస్తి ఇంతే: రెండు గజాల నూలు, కాస్త గంజి, బోలెడు పొగరు. ఏ పెళ్లికొడుకు భుజమో ఎక్కుతాననుకున్నాను. పశువుల సంతలో దళారీల పెద్ద కోటిలింగం భుజమెక్కాను.

ఆ సంతలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ నా చాటున చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పైన మొహాలు దేవుడి పటాల్లా ఉంటాయి, కింద అరచేతులు చెమటతో కారిపోతుంటాయి. చెయ్యి తడిగా ఉంటే ఇంకా దిగుతాడని అర్థం. పొడిగా ఉంటే అదే ఆఖరు మాట. మొహం చూసి నేను ఏ మనిషినీ నమ్మలేదు.

ఇంతలో ఊరవతల బైపాస్ రోడ్డు పడింది. పశువులు కొనే లారీలు ఊళ్లోకి రావడం తగ్గించాయి. సంతను రోడ్డు పక్క బీడుకు మార్చాలా, పాతచోటే ఉంచాలా? దళారులు చీలిపోతే రెండు చోట్లా ఈగలే మిగులుతాయి. తేల్చాల్సింది కోటిలింగం. లెక్క తప్పితే ఆయన పెద్దరికానికి ఆ రోజే తద్దినం.

"గేదె పళ్లు చూసి వయసు చెప్తావు, నీ మనసులో ఏముందో నీకే తెలవదు" అంటూ భార్య వెంగమ్మ సద్దిమూట చేతికిచ్చి సాగనంపింది.

ఆయన నన్ను చేతిమీద కప్పుకుని ఒక్కొక్క దళారి దగ్గరికీ వెళ్లాడు. ఒక వేలు పట్టుకుంటే కొత్తచోటు, రెండు పట్టుకుంటే పాతచోటు. అందరూ రెండే పట్టుకున్నారు. ఒక్క చెయ్యీ పొడిగా లేదు. చెబుదామనుకున్నాను గానీ, తువ్వాలు మాట ఎవరు వింటారు?

"సరే, ఇక్కడే ఉంటున్నాం" అన్నాడు కోటిలింగం.

ఆయన తర్వాత అంతటి దళారి సైదులు నొచ్చుకున్నాడు. "అదేంది బావా, మొదటి మాటకే ఖాయం చేస్తివి? బేరమాడవా?"

కోటిలింగం తెల్లబోయాడు. పుట్టి బుద్ధెరిగాక వీళ్లలో ఎవడైనా మొదటిసారే అసలు ధర చెప్పాడా? మళ్లీ తిరిగాడు. ఈసారి అందరూ ఒకటిన్నర వేలికి దిగారు.

"ఒకటిన్నర ఏందిరా! గేదెను నడిమికి కోసి తలకాయ అక్కడ, పొదుగు ఇక్కడ కట్టేద్దామా?"

"పొదుగు వైపు నాకియ్యి బావా!"

అప్పుడు నా చాటున ఆయన అరచెయ్యి పొడిబారింది. నన్ను లాగి తలకు చుట్టుకున్నాడు.

"నేను బైపాస్ పక్కకే తోలుతున్నా. వచ్చేవాళ్లు రండి. బేరం చెడితే తిట్లన్నీ నాకే, ఎవుడికీ వాటా లేదు."

"మేమూ అదే అనుకున్నాం బావా!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. వాళ్లు ఇన్నాళ్లూ వెతుకుతున్నది తిట్లు మోసే తలను. అది దొరికింది.

కొత్తచోట మొదటి సంతనాడే వాన. మోకాటిలోతు బురద. ఒక్క లారీ రాలేదు. మాట ప్రకారం తిట్లన్నీ ఆయనకే చేరాయి. ఆయన నాతో మొహం తుడుచుకుని, బీడులోకి దారంతా కంకర పోయించాడు. ఆ పై వారం లారీలు బారులు తీరాయి. "నేను ముందే చెప్పలా?" అని సైదులు టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు.

చివరికి ఒక గేదె నన్ను సగం నమిలింది. మిగిలిన ముక్క కొత్త సంత వాకిట గుంజకు వేలాడుతోంది. ఆఖరి లెక్క చూసుకున్నాను. గంజి పోయింది, పొగరు పోయింది, ఎర్రంచు గేదె కడుపులో పడింది. చాటుగా వందల చేతులు కప్పాను, మిగిలింది చెమట వాసన. బాహాటంగా ఒక్క తలను కాశాను. లాభం దాంట్లోనే వచ్చింది.