మూడో వారంలో గ్వెన్

కుక్క గ్వెన్ ఈని ఇరవై రోజులైంది. ఎనిమిది పిల్లలూ గుండ్రాళ్లలా ఉన్నాయి గానీ, తల్లికి మాత్రం వెన్నెముక పైకి తేలింది. బాలా అనే ఊరికి పైన, కొండవాలులో ఉన్న ఆ ఇంట్లో ఏప్రిల్ అంటే గొర్రెలు ఈనే కాలం. ఇడ్వల్ తెల్లారకముందే మంద దగ్గరికి పోతాడు. బాలింత కుక్క బాగోగులన్నీ అతని భార్య నెరిస్‌వే.

ఆ ఉదయం ఆమె ఉడికించిన గొర్రె మాంసం పెడితే గ్వెన్ మూతి తిప్పుకుంది. పిల్లలు ఏడుస్తుంటే పట్టించుకోకుండా వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. నడక కర్రకాళ్ల మీద నడుస్తున్నట్టుంది. రొప్పుతోంది. మంద దగ్గరి నుంచి టీ కోసం దిగివచ్చిన ఇడ్వల్‌కు నెరిస్ చూపించింది.

"ఎనిమిది మంది పీక్కు తింటుంటే నువ్వూ ఇలాగే తిరుగుతావే" అని నవ్వాడు అతను.

"నీ మొహం. దాని కళ్లు చూడు."

చూస్తుండగానే గ్వెన్ ముందుకాళ్లు బిగుసుకుపోయి పక్కకు ఒరిగింది. ఒళ్లంతా వణుకు. ఇడ్వల్ నవ్వు ఆగిపోయింది.

నెరిస్ పశువుల డాక్టరు లౌరికి ఫోన్ చేసింది. లౌరి పక్క లోయ పిల్లే, చిన్నప్పటి నుంచి ఎరిగినదే.

"అత్తా, ముందు పిల్లల్ని దూరం పెట్టు. ఒక్కటి కూడా పాలు తాగకూడదు. వాటిని వెచ్చగా ఉంచి, తల్లిని ఇప్పుడే తీసుకురా. ఆలస్యం చేశావంటే నేనేం చేయలేను."

పిల్లల పెట్టెను పొయ్యి పక్కకు జరిపి, కారు వెనక సీట్లో గ్వెన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది నెరిస్. ఒళ్లు నిప్పులా కాలుతోంది. సగం దారిలో ఎవరిదో మంద సందు నిండా అడ్డం వచ్చింది. ఇడ్వల్ హారన్ మోగిస్తే గొర్రెలు ఇంకా బెదిరి ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"మోగించకు! దిగి తోలవయ్యా!" అని అరిచింది నెరిస్. గ్వెన్ దవడలు బిగుసుకున్నాయి. ఊపిరి ఆగి మళ్లీ వచ్చింది. ఆ మధ్య గడిచిన క్షణాలను ఆమె లెక్కపెట్టలేకపోయింది.

ఆసుపత్రిలో లౌరి ముంగాలి నరంలోకి కాల్షియం చుక్కచుక్కగా ఎక్కించింది. రెండో చేత్తో గుండె మీద స్టెతస్కోపు పెట్టి వింటూనే ఉంది. "తొందరపడితే గుండె ఆగుతుంది" అంది తలెత్తకుండా. పావుగంటకు వణుకు తగ్గింది. గ్వెన్ తల ఎత్తి నెరిస్ మణికట్టు నాకింది.

"అత్తా, కడుపుతో ఉన్నప్పుడు దీనికి కాల్షియం పొడి ఏమైనా పెట్టావా?"

నెరిస్ గ్వెన్ తల మీద చెయ్యి వేసింది. "నెల రోజులు పెట్టాను. బలమని. ఈనాక మానేశాను."

"అదే తిరగబడింది. బయటి నుంచి వస్తుంటే ఒంట్లోది తీసుకోవడం శరీరం మరిచిపోతుంది. తీరా పాలు పొంగే వేళకు రక్తంలో కాల్షియం అడుగంటింది. మాంసంలో కాల్షియం పెద్దగా ఉండదు కదా."

ఇడ్వల్ నెరిస్ మొహం చూశాడు. "నువ్వు పొడి కొనమంటే తెచ్చింది నేనే. ఇద్దరం మొద్దులమే" అన్నాడు.

ఒక రోజంతా పిల్లలకు సీసా పాలు పట్టాలి. తల్లికి కుక్కపిల్లల కోసం చేసే తిండి రోజుకు నాలుగుసార్లు, గిన్నెలో ఎప్పుడూ నీళ్లు, లౌరి ఇచ్చిన మాత్రలు. పిల్లలకు పాలు త్వరగా మాన్పించాలి. ఇది మళ్లీ రావచ్చని కూడా లౌరి దాచకుండా చెప్పింది.

రెండు రోజులు నెరిస్ వంటింట్లోనే పడుకుంది. గ్వెన్ కాలు కదిపితే లేచి కూర్చునేది. మూడోనాడు పళ్లెంలో నానబెట్టిన ఆ తిండి పెడితే ఎనిమిది పిల్లలూ అందులోకి దిగి, తిన్నదానికన్నా ఎక్కువ ఒంటికి పూసుకున్నాయి. గ్వెన్ దూరంగా పడుకుని తన గిన్నె ఖాళీ చేసింది. అప్పుడు గానీ నెరిస్ తన పళ్లెంలో రొట్టె వేసుకోలేదు.