సీసా మీది ఆపిల్

ఉదయం ఏడున్నర గంటల వేళ నాచారంలో ఏ వీధిలోకి తొంగి చూసినా ఒకటే హడావిడి. మలుపు దగ్గర స్కూలు బస్సు హారన్ మోగుతూ ఉంటుంది. తల్లి బిడ్డ జడకు రబ్బరు బ్యాండు వేసి, వంటింట్లోకి పరుగెత్తి, రెండు బ్రెడ్డు ముక్కల మీద ఎర్రటి జామ్ పూసి డబ్బా మూత బిగిస్తుంది. బిడ్డ బస్సెక్కుతుంది. తల్లి హమ్మయ్య అనుకుంటుంది. ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. ఉమారాణి కూడా నాలుగేళ్ల పాటు ఏ తప్పూ లేదనే అనుకుంది.

ఉమారాణి నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న జామ్ కార్ఖానాలో పని చేసేది. సీసాలకు లేబుళ్లు అతికించడం ఆమె పని. లేబుల్ మీద నీటి చుక్కలు జారుతున్న ఎర్రని ఆపిల్ బొమ్మ, దాని తొడిమకు రెండు లేత ఆకులు. బొమ్మ వంకరపోకుండా, ముడత పడకుండా అతికించడంలో ఆమెను మించినవాళ్లు లేరని సూపర్‌వైజరే అనేవాడు. జామ్ వండే గది వేరు, దానికి దారి వేరు. మూతలు బిగించిన సీసాలు ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఆమె బల్ల మీదికి వచ్చేవి. నాలుగేళ్లలో ఆ వంటగది లోపలికి ఆమె ఒక్కసారి కూడా పోలేదు. పనివాళ్లకు నెలకు రెండు సీసాలు ఊరికే ఇచ్చేవారు. అవి ఇంటికి తెచ్చిన రోజు ఆమెకు పండుగలాగే ఉండేది. నాలుగో తరగతి చదివే కూతురు భాగ్యశ్రీ అందరు పిల్లల్లాగే డబ్బాలో ఆపిల్ జామ్ తీసుకుపోతోంది కదా!

ఆ ఇంట్లో ఆ సీసాను ముట్టని మనిషి ఒక్కరే. ఉమారాణి అత్త లింగమ్మ.

లింగమ్మది ఒకప్పుడు వ్యవసాయం చేసిన చేయి. నాచారం చెరువు కింద వాళ్లకున్న పొలం ప్లాట్లుగా మారి చాలా కాలమైంది గానీ, పండినదేదీ పారేయకూడదన్న పట్టుదల మాత్రం ఆమెను వదల్లేదు. వానలు వెనకబట్టాక ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద బండ్ల నిండా కాశ్మీరు ఆపిల్ దిగుతుంది. సాయంత్రమయ్యేసరికి బండివాళ్లు దెబ్బ తగిలిన కాయలను ఒక గంపలో వేసి పక్కన పెడతారు. లింగమ్మ ఆ గంప ముందు కూర్చుని ఒక్కొక్క పండునూ వాసన చూసి ఏరుకునేది. ఇంటికి తెచ్చి కడిగి, నల్లబడిన మేరకు కోసేసి, పుల్లటివి మామిడికాయ బదులు పప్పులో వేసేది. గట్టివి తురిమి ఆవపిండి, మెంతిపొడి, కారం కలిపి, ఎల్లిపాయ పోపుతో తొక్కు పచ్చడి పెట్టేది. మెత్తబడినవి బెల్లంతో సన్నని సెగ మీద దగ్గరపడేదాకా ఉడికించి, యాలకులు దంచి వేసి మురబ్బా చేసేది. ఆ వాసనకు పక్కవాటాలో వాళ్లు కూడా తలుపు తీసి చూసేవారు.

ఉమారాణికి మాత్రం అదంతా నామోషీ.

"ఏంది అత్తమ్మా, మనకేం గతి లేదా? దెబ్బల పండ్లు తెచ్చుకునే కర్మేంది? ఇంట్ల సీసాల కొద్దీ జామ్ ఉండంగ!" అనేది.

"పండుకు దెబ్బ తగిల్తే కోసి పారేస్తం బిడ్డా. పండే పారేస్తమా?" అనేది లింగమ్మ. అంతకు మించి వాదించేది కాదు. తాను చేసుకున్న మురబ్బా తానే రొట్టెకు అద్దుకుని తినేది.

ఆ నామోషీకి ఇంకో కారణం ఉంది. భాగ్యశ్రీ చదివే బడిలో ప్రతి శుక్రవారం పండ్ల రోజు. పిల్లలు ఏదో ఒక పండు గానీ, పండుతో చేసిన పదార్థం గానీ తేవాలి. నిరుడు ఒక శుక్రవారం నానమ్మ చేసిన మురబ్బా డబ్బాలో పెట్టుకుపోతే తోటి పిల్లలు ముక్కులు మూసుకుని, "గిదేంది, బురదా?" అని నవ్వారు. తరగతి టీచరు చంద్రిక కూడా డైరీలో, "దయచేసి శుభ్రమైన పదార్థం పంపగలరు" అని రాసింది. ఆ రోజు భాగ్యశ్రీ ఇంటికి వచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తరువాతి శుక్రవారం సీసా జామ్ పెట్టి పంపితే అదే టీచరు పిల్ల చేతి మీద నక్షత్రం ముద్ర వేసి పంపింది.

అక్టోబరులో ఒక గురువారం నాడు కార్ఖానా వంటగదిలో సాయం చేసే మనిషికి జ్వరమొచ్చి రాలేదు. సూపర్‌వైజరు ఉమారాణిని పిలిచి, "ఇయ్యాల ఒక్కరోజు లోపల గండయ్యకు చెయ్యందియ్యి" అన్నాడు.

ఉమారాణి సంతోషంగానే పోయింది. తలుపు తీయగానే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. రెండు పెద్ద గంగాళాల్లో పసుపుపచ్చని గుజ్జు తుకతుక ఉడుకుతోంది. మూలన గుమ్మడికాయ చెక్కు గుట్టగా పడి ఉంది. దాని పక్కన చక్కెర బస్తాలు, రంగు డబ్బాలు. పెద్ద గరిటెతో గుజ్జును తిప్పుతున్న గండయ్య, అరవై ఏళ్ల మనిషి, చెమట తుడుచుకుంటూ ఆమె వైపు తల ఊపాడు.

ఉమారాణి చుట్టూ చూసింది. గోడల వెంట చూసింది. బస్తాల వెనక చూసింది.

"మామా, ఆపిల్ పండ్లు యాడ పెడ్తరు? తెచ్చి కోసియ్యాల్నా?"

గండయ్య గరిటె ఆపి ఆమెను విచిత్రంగా చూశాడు.

"గీడ ఆపిల్ ఎందుకుంటది బిడ్డా? ఆపిల్ నీ దగ్గరనే ఉన్నది గదా."

"నా దగ్గరనా?"

"సీసా మీద."

పరాచికమాడుతున్నాడేమో అనుకుని ఉమారాణి నవ్వబోయింది. గండయ్య నవ్వలేదు. ఎర్ర రంగు కలిపాడు. గుజ్జు ఆమె కళ్ల ముందే ఎరుపెక్కింది. తరువాత అలమారలోంచి చిన్న సీసా తీసి, మూతెడు ద్రావకం గంగాళంలో పోశాడు. మరుక్షణం గదంతా ఆపిల్ వాసన గుప్పుమంది.

నాలుగేళ్లుగా తన బల్ల మీద, తన కొంగు మీద, తన బిడ్డ పెదవుల మీద ఉన్న వాసన అదే.

ఉమారాణి మళ్లీ గదంతా వెతికింది. ఒక్క పండు కాదు, ఒక్క ముక్క కాదు, ఒక్క గింజ కూడా ఆ గదిలో లేదు. మరి ఇన్నేళ్లూ ముడత పడకుండా తాను అతికించిందేమిటి?

"పిల్లలు తింటరు మామా!" అంది.

"తింటరు. మా మనవరాలు గూడ కావాలని అడుగుతది. నేను ఆ సీసాను గడప తొక్కనియ్య."

ఆ మాటకు ఉమారాణి రెండోసారి నిర్ఘాంతపోయింది. "మరెందుకు వండుతున్నవ్?"

"నువ్వెందుకు అంటిస్తున్నవ్? కడుపు కోసమే గదా! జర నోరు కట్టుకో బిడ్డా. బయట అంటే నీ పని పోతది, నా పని గూడ పోతది."

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో అడుగు పెట్టగానే లింగమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఏంది ఉమా, నీ చీరెకు ఉడికిన గుమ్మడికాయ వాసనొస్తుంది?" అంది. చెరువు కింద ఏళ్ల తరబడి గుమ్మడి పండించిన మనిషి. ఉమారాణి నేరుగా వంటింట్లోకి పోయి అత్త చేసిన మురబ్బా చెంచాతో తీసి, బడి నుండి వచ్చిన కూతురి నోటికి అందించింది.

భాగ్యశ్రీ నాలుక మీద పెట్టుకుని వెంటనే ఉమ్మేసింది. "ఇదేంది మమ్మీ?"

"ఆపిలే బిడ్డా. నానమ్మ జేసింది."

"అబద్ధం. ఆపిల్ గిట్ల ఉండది. ఆపిల్ వాసనే వస్తలేదు దీనికి."

తరిగిన ఆపిల్ ముక్క పెట్టింది. అదీ నచ్చలేదు. చప్పగా ఉందంది. తొమ్మిదేళ్ల పిల్లకు అసలు పండు అబద్ధమైంది, మూతెడు ద్రావకం నిజమైంది! ఉమారాణి అక్కడే కూలబడి తలబాదుకుని ఏడ్చింది. లింగమ్మ జరిగినదంతా విని కోడలిని ఒక్క మాట కూడా దెప్పలేదు. వీపు నిమురుతూ కూర్చుంది.

తెల్లవారి శుక్రవారం. ఉమారాణి పనికి పోకుండా ఒక సంచిలో జామ్ సీసా, మురబ్బా డబ్బా పెట్టుకుని నేరుగా బడికి పోయింది. చంద్రిక టీచరు రాజమండ్రి నుండి వచ్చి నాచారంలో స్థిరపడ్డ మనిషి. పాఠం బాగా చెబుతుందని, పిల్లల మీద శ్రద్ధ ఎక్కువని పేరు. ఉమారాణి చెప్పినదంతా విని ఆమె నమ్మలేకపోయింది.

"అంత పెద్ద మాట ఊరికే అనకండమ్మా. నేనూ మా ఇంట్లో ఇదే వాడుతున్నాను."

"మీరే పిల్లలకు పెట్టి సూడున్రి మేడం."

చంద్రిక తరగతిలోని ముప్పై ఆరుగురు పిల్లలనూ కళ్లు మూసుకోమంది. ముందు సీసాలోది ఒక చెంచా, తరువాత మురబ్బా ఒక చెంచా పెట్టి, "ఏది ఆపిలో చెప్పండి" అని అడిగింది. ముప్పై ఒక్కమంది సీసాలోదే ఆపిల్ అన్నారు. లింగమ్మ మురబ్బాను కొందరు చింతపండన్నారు, కొందరు మందు అన్నారు. ఒక పాప దగ్గు టానిక్ అంది.

చంద్రిక చెంచా బల్ల మీద పెట్టింది. ఆమె మొట్టమొదటిసారి ఆ సీసాను వెనక్కి తిప్పింది. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. పండ్ల గుజ్జు, చక్కెర, రంగు, ఆపిల్ వాసన. అంతే. అతికించిన ఉమారాణికి ఇంగ్లీషు రాదు. చదువుకున్న చంద్రికకు చదవాలని తోచలేదు.

"ఈ సీసా తెచ్చినందుకు నేను నక్షత్రాలు వేశాను. ఆ మురబ్బా తెచ్చినందుకు డైరీలో రాశాను," అంది ఆమె కుర్చీలో కూర్చుంటూ. కాసేపటికి తేరుకుని, "రేపు తల్లిదండ్రుల సమావేశం ఉంది. నేను మాట్లాడతాను. మీ పేరు బయటికి రానివ్వను, మీ ఉద్యోగం పోతుంది" అంది.

ఉమారాణి తల అడ్డంగా ఊపింది. "బొమ్మ అంటించింది నేను మేడం. నేనే చెప్త."

శనివారం సమావేశంలో ఆమె లేచి నిలబడ్డప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మీ పిల్లల డబ్బాలల్ల ఉన్న జామ్ సీసాలకు ఆపిల్ బొమ్మ అంటించింది ఈ చేతులే. లోపల ఆపిల్ లేదు. నేను నా కండ్లతోని సూసిన. నాకు తెల్వక నా బిడ్డకు గూడ పెట్టిన. నన్ను తిట్టున్రి, పడ్త. కానీ రేపటి సంది మీ పిల్లలకు పెట్టకున్రి" అని కూర్చుంది. ఎవరూ తిట్టలేదు. వెంట వచ్చిన బిడ్డల ముఖాలు చూసుకుంటూ ఉండిపోయారు.

సోమవారం కార్ఖానా గేటు దగ్గరే ఉమారాణిని ఆపేశారు. భర్త రంజిత్ మొదట మండిపడ్డాడు. "ఎవరడిగిన్రు నిన్ను? ఉన్న పని పోగొట్టుకున్నవ్!" అన్నాడు. తరువాత కూతురు అసలు ఆపిల్‌ను నోట్లో పెట్టుకుని ముఖం వికారంగా పెట్టడం తానే చూసి, ఇంట్లో మిగిలిన సీసా తీసి చెత్తబుట్టలో వేశాడు. మళ్లీ భార్యను ఏమీ అనలేదు. రెండు వారాలు వెతికాక ఆమెకు మల్లాపూర్‌లో ఒక కుట్టు దుకాణంలో పని దొరికింది.

తల్లిదండ్రులు కలిసి ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి కార్ఖానాలో నమూనాలు తీసుకుపోయారు. "ఆపిల్ పండ్లు ఎక్కడ నిల్వ చేస్తారు?" అని వాళ్లు అడిగితే గండయ్య తల దించుకుని నిలబడ్డాడట. కొన్నాళ్లు మూతపడి కార్ఖానా మళ్లీ తెరుచుకుంది. కొత్త లేబుల్ మీద ఆపిల్ బొమ్మ అలాగే ఉంది. దాని కింద "రుచి మాత్రమే" అన్న చిన్న అక్షరాలు చేరాయి. ఆ అక్షరాలు చదవకుండానే సీసా కొంటున్నవాళ్లు ఈ రోజుకూ ఉన్నారు.

నవంబరులో ఒక శుక్రవారం చంద్రిక స్వయంగా వాళ్లింటికి వచ్చి లింగమ్మను బడికి తీసుకుపోయింది. ఆవరణలో గ్యాసు పొయ్యి పెట్టి, పిల్లల తల్లిదండ్రులను కూడా పిలిచారు. లింగమ్మ మొదట సిగ్గుపడింది. "నాకేం చదువొచ్చు టీచరమ్మా, నేనేం చెప్త?" అంది. పొయ్యి వెలిగాక మాత్రం ఆ సిగ్గు పోయింది. పిల్లల చేతికి పండ్లిచ్చి, "ఇగో, ఈడ నల్లగయ్యింది సూడు, గింత కోసి తియ్యాలె. ఇంకెక్కువ తియ్యకు, పండు ఉసురు తగుల్తది" అంటూ నేర్పింది. పిల్లలు తురిమారు, బెల్లం నలగ్గొట్టారు. గిన్నెలోంచి వాసన లేస్తుంటే చుట్టూ మూగారు. తాము చేసినదని అందరూ తిన్నారు. కొందరు రెండోసారి అడిగారు. మరి కొందరు ఇంకా ముఖం చిట్లించారు. చెడిన నాలుక ఒక్క రోజులో బాగుపడదు కదా.

చంద్రిక అక్కడున్న పిల్లల తల్లిదండ్రుల వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"ఈ పిల్లలకు పండు రుచి తెలియకుండా చేసింది ఒక్క కార్ఖానాయే కాదు. నేనూ చేశాను, మీరూ చేశారు. మెరిసే సీసాను చూసి గౌరవం అనుకున్నాం. ఈ పెద్దమ్మ చేతిలోని దెబ్బ పండును చూసి లేమి అనుకున్నాం. ఆ దెబ్బ మన కంటికి కనబడుతుంది, కోసి పారేస్తాం. మూత బిగించిన దాంట్లో ఏముందో మనలో ఒక్కరమైనా అడిగామా? కాలానికి దొరికిన పండును తెచ్చి ఇంట్లో పొదుపుగా వండుకునేవాళ్లు పేదవాళ్లు కారండీ. మన బిడ్డ నోట్లోకి ఏం పోతోందో మనకు తెలియకపోవడమే అసలైన పేదరికం."