తొమ్మిదో క్యాసెట్టు

స్పిరిటులో ముంచిన దూదితో టేపు మిషను హెడ్డును మూడోసారి తుడుస్తున్నాడు టేపుల తాత. వయసు మీద పడ్డా చూపు ఇంకా సూటిగానే ఉంది. పక్కన కుట్టుమిషను ఆపి, కోడలు ఫోనులో ఒక పాత పాటగాడి అభిమానుల గుంపు మాటలు చదివి వినిపిస్తోంది. తాతకు రోజూ అదే పేపరు.

ఇవాళ రచ్చంతా తొమ్మిదో క్యాసెట్టు మీద. తన పాటలు తనే రాసి పాడుకునే ఆ పెద్దాయన క్యాసెట్లలో ఎవరూ కొననిది అదొక్కటే. గొంతు అరిగిపోయిందని ఒకరు, వయసు దాచుకోకుండా పాడాడని ఇంకొకరు, అసలు నిద్రలో పాడాడని మరొకరు.

ఇరవై రెండేళ్ల క్రితం క్యాసెట్ల కంపెనీలో, అసలు పాట ఉన్న మాస్టర్ టేపు నుంచి ఆ కాపీలు తీసింది తాతే. మిషనులో టేపును తిప్పే బెల్టు వదులై మాస్టర్ నెమ్మదిగా తిరిగింది. ప్రతి కాపీలోనూ గొంతు బరువుగా, ఈడ్చుకుంటూ దిగింది. లోకమంతా ఒకే మాటంటే ఎవరికైనా తమ చెవి మీద నమ్మకం పోతుంది. తన గొంతే పోయిందనుకుని పెద్దాయన మళ్లీ పాడలేదు. ఉద్యోగం పోతుందని తాత నోరు మెదపలేదు. తర్వాత కంపెనీయే మూతపడింది, అయినా ఆ నోరు తెరుచుకోలేదు.

కంపెనీ చెత్తలోంచి తెచ్చి దాచిన మాస్టర్ టేపు కోసం మొన్ననే మిషనుకు కొత్త బెల్టు వేశాడు. ఆదివారం మోసుకెళ్లి, పెద్దాయనకే వినిపించి, కాళ్లు పట్టుకోవాలని. ముందు గుంపులో చెబితే ధైర్యం వస్తుందేమో అనిపించింది.

"రాయమ్మా. జారింది బెల్టు, గొంతు కాదు. తప్పు నాది."

కోడలు ఆయన మొహంలోకి ఒకసారి చూసి రాసింది. ఎవరో పనిలేని ముసలాడన్నారు. ఆ అలసటే పాటకు ప్రాణం, మీకేం తెలుసని ఒకడు పాఠం చెప్పాడు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం అని తాతకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం టేపు ఆడించాడు. గొంతు తేలిగ్గా, హాయిగా పైకి లేచింది. తాతకు కళ్లు చెమర్చాయి, సిగ్గు కూడా వేసింది. ఆదివారం దాకా ఎందుకు, రేపే వెళ్తానన్నాడు.

కోడలు ఫోనులోంచి తలెత్తింది.

"మావయ్యా, పెద్దాయన పొద్దున పోయారట. ఇప్పుడే చెప్పారు."

గుంపులో అందరూ తొమ్మిదో క్యాసెట్టు పాటలే పెడుతున్నారు. వెళ్లిపోతానని ముందే చెప్పిన గొంతట. తాత మాట ఎక్కడో అడుగుకు పోయింది. మళ్లీ రాయనా అని కోడలు అడిగితే వద్దన్నాడు. వినాల్సిన మనిషే లేడు.

టేపు చివరిదాకా తిరిగి ఆగింది. ఆనాడు కంపెనీ మిషనులో జారిన బెల్టు, ఇరవై రెండేళ్లుగా పారేయలేకపోయినది, బల్ల పైన మేకుకు వదులుగా వేలాడుతోంది.