ఒక చన్ను పాలు

మా షెడ్డులో గేదె ఈనితే మొదటి రోజుల జున్నుపాలు బెజవాడ స్వీటు షాపులకు పోతాయి. ఆ తరువాతి పాలు క్యాన్లలో పోతాయి. దూడకు మిగిలేది ఉండదు. పెయ్య అయితే తవుడు నీళ్లతో, డబ్బా పాలతో ఎలాగో పెంచుతారు. మగ దూడ ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో పోతుంది. రోగం అని చెప్పుకుంటారు. నేను అక్కడ పదిహేడేళ్లు పనిచేశాను. ఆ రోగం నాకు కనిపించలేదు.

దూడ చనిపోతే నా పని మొదలవుతుంది. తోలు ఒలిచి, ఉప్పు రాసి, ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుడతాను. ఆ గడ్డి దూడను తల్లి ముందు పెడితే నాకుతుంది. నాకుతూ పాలు చేపుతుంది. సూది మందు కంటే ఇదే మేలని మా యజమాని తిరుపతిరావు గారి నమ్మకం. నూట పది గేదెల షెడ్డు. పామర్రు రోడ్డు మీద అంత పెద్దది ఇంకొకటి లేదని ఆయన అంటారు.

ఆ శ్రావణంలో పుట్టిన ఒక మగ దూడ పదకొండో రోజుకు కూడా చావలేదు. క్యాన్లు కడిగినప్పుడు వచ్చే తెల్లనీళ్లలో కాస్త బెల్లం కలిపి పట్టేవాడిని. అంతే. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. అయినా నా అడుగు వినపడితే తల ఎత్తేది. అప్పటికి ఎన్ని తోళ్లు ఒలిచానో నాకే తెలియదు. దీన్ని ఒలవడం ఇష్టం లేకపోయింది.

"బాబుగారూ, దీనికి ఒక చన్ను వదలండి" అని అడిగాను. నాలుగింటిలో ఒకటి.

"మగ దూడ తాగి ఏం చేస్తది జక్కయ్యా, అరక లాగుద్దా? దాన్ని చూసి ట్రాక్టరు నవ్వుద్ది" అన్నారు తిరుపతిరావు గారు.

పేడ తీసే శౌరమ్మ అక్కడే ఉంది. "పదిహేడేళ్లకి బావ నోరు తెరిచాడు, అదీ దూడ కోసం! నాకో కోక అడగొచ్చుగా" అంది.

ఆ మర్నాడు గేటు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు భానుశ్రీ. పశువులను హింసించకూడదని తిరిగే సంఘం మనిషి. "తాతగారూ, ఇక్కడ దూడలు చనిపోతున్నాయా?" అని అడిగింది.

"చస్తాయి" అన్నాను.

బెజవాడ గవర్నర్‌పేటలో తన ఆఫీసు ఉందని కార్డు ఇచ్చి వెళ్లింది. ఆ ఒక్క మాట పట్టుకుని అర్జీ పెట్టింది. వారం తిరగకముందే కబురు వచ్చింది. గురువారం పశువుల డాక్టరు తనిఖీకి వస్తున్నారు.

షెడ్డు రికార్డులో రెండు నెలలకు పన్నెండు ఈతలు రాసి ఉన్నాయి. బతికున్న దూడలు నాలుగు. మూడు పెయ్యలు, ఆ మగది. మంగళవారం పొద్దున్నే తిరుపతిరావు గారు నా దగ్గరికి వచ్చి గట్టు మీద కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ అలా కూర్చోరు.

"నీ చేతిలో ఉంది జక్కయ్యా. ఎనిమిది కావాలి. మూడు బొమ్మలున్నాయి, ఉప్పులో అయిదు తోళ్లున్నాయి. పడుకున్నట్టు కుట్టు. నిలబెడితే పట్టేస్తారు."

నేను మగ దూడ వైపు చూశాను.

"నీ దూడకి ఒక చన్ను ఇస్తా. గురువారం సాయంత్రం నుంచే. నేను మాట తప్పే మనిషిని కాదు, నీకు తెలుసు."

తెలుసు. ఆయన మాట తప్పరు.

రెండు రోజులు కుట్టాను. కాళ్లు మడిచి, మెడ పక్కకు తిప్పి, కుట్లు కడుపు కిందికి పోయేలా ఆరెతో దగ్గర దగ్గరగా కుట్టాను. ఇక్కడికి రాకముందు చెప్పులు కుట్టేవాడిని. ఏ చెప్పూ అంత శ్రద్ధగా కుట్టలేదు. చివరి వరసలో పడుకోబెట్టి ఫ్యాన్లు వేస్తే చెవుల మీద వెంట్రుకలు కదిలాయి. శౌరమ్మ చూసి శిలువ గుర్తు వేసుకుంది.

గురువారం డాక్టరు గారు, భానుశ్రీ వచ్చారు. నేలంతా ఫినాయిలుతో కడిగి ఉంది. "లోపలికి వద్దు సార్, చుట్టుపక్కల గాలికుంటు ఉంది. గిట్టలకి పట్టిందంటే షెడ్డంతా పోతది" అని తిరుపతిరావు గారు గుమ్మంలోనే ఆపారు. డాక్టరు గారు జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని, కలం గాలిలో ఆడిస్తూ లెక్కపెట్టారు. పన్నెండు.

"చెప్పులు విప్పి వస్తానండీ" అంది భానుశ్రీ.

"ఒట్టి కాళ్లతో కూడా వస్తదమ్మా రోగం."

ఆమె నా వైపు తిరిగింది. "తాతగారూ, మీరు చెప్పండి. మీరు చెప్తే నమ్ముతాను. అన్నీ బతికున్నవేనా?"

మగ దూడ ఇవతలి వరసలో, గుమ్మానికి దగ్గరగా పడుకుని ఉంది. అది కూడా నన్నే చూస్తోంది.

"పన్నెండూ ఉన్నాయమ్మా" అన్నాను.

డాక్టరు గారు ఆ మాట రాసుకుని నా చేత సంతకం పెట్టించారు. మూడో తరగతి వరకు చదివాను, సంతకం వస్తుంది. భానుశ్రీ తిరుపతిరావు గారితో "సారీ అండీ" అని చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆయన మాట నిలబెట్టుకున్నారు. దూడను తల్లి దగ్గరికి తీసుకుపోయాను. పుట్టిన రోజు తరువాత ఆ తల్లి దాన్ని చూడలేదు. సూది వేసి పిండుతున్నారు. వాసన చూసి తన్నింది. వెనక కాళ్లకు తాడు బిగించి, దూడను రెండు చేతుల మీద ఎత్తి పట్టుకున్నాను. మొదట చన్ను పట్టడం రాలేదు. తరువాత పట్టింది. తోక ఆడించింది. కడుపు ఉబ్బేదాకా తాగింది.

నేను ఆపలేదు. అన్నాళ్లు ఎండిన కడుపుకు ఒకేసారి అన్ని పాలు పట్టకూడదు. పశువుల దగ్గర పనిచేసే ఎవరికైనా తెలుసు, నాకూ తెలుసు. ఆ తోక చూస్తూ ఆపలేకపోయాను.

రాత్రి నుంచే పారుడు పట్టుకుంది, నీళ్లలా విరేచనాలు. మందు అడిగితే "చన్ను ఇస్తానన్నా గాని డాక్టర్ని ఇస్తానన్నానా?" అన్నారు తిరుపతిరావు గారు. ఆదివారం శౌరమ్మ చర్చి నుంచి వచ్చేసరికి పోయింది.

"నీకు ఇష్టమైన దూడేగా, బాగా కుట్టు. ఇక దాని తల్లికి సూది అక్కర్లేదు" అన్నారాయన. వెక్కిరింపు కాదు. మంచిగానే అన్నారు.

ఒలిచాను. నాలుగు రోజులు ఆరనిచ్చి కుట్టాను. తల్లి ముందు పెట్టలేదు. గోనె కప్పి, భుజాన వేసుకుని బెజవాడ బస్సు ఎక్కాను.

"ఏంటి పెద్దాయనా, దూడా? బస్సులోకి పశువుల్ని ఎక్కించకూడదు, దిగు దిగు" అన్నాడు కండక్టరు.

"చచ్చిందే" అన్నాను.

"చచ్చిందైతే అసలే ఎక్కకూడదు!" గోనె ఎత్తి చూశాడు. కుట్టు సందులో గడ్డి కనిపించింది. "ఓర్నీ, బొమ్మ! కొండపల్లోళ్లు కూడా ఇంత బాగా చెయ్యరు కదయ్యా. పో, వెనక సీట్లో పెట్టుకో." బస్సులో అందరూ నవ్వారు.

ఆఫీసు మేడ మీద ఉంది. భానుశ్రీ తలుపు తీసింది. గోనె జారి దూడ తల బయటికి కనిపిస్తోంది.

"అయ్యో, ఇంత నీరసంగా ఉందేంటి తాతగారూ! దించండి, నీళ్లు తెస్తాను" అని లోపలికి పరుగెత్తింది. గిన్నెతో వచ్చి, నేల మీద కూర్చుని, దాని తల మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఆగింది.

"ఆ రోజు మీరు చూసిన పన్నెండులో ఎనిమిది ఇలాంటివే" అన్నాను.

ఆమె కడుపు కింది కుట్లు వేలితో తడిమింది.

"మీరు సంతకం పెట్టారు" అంది.

"పెట్టాను."

"అది చూపించే నా అర్జీ కొట్టేశారు. మళ్లీ తెరవాలంటే ముందు మీరు అబద్ధం చెప్పారని రాయాలి. కేసు మీ మీద కూడా పడుతుంది."

"రాయండి."

"నేను మిమ్మల్ని నమ్మాను కదండీ. ఎందుకలా చెప్పారు?"

"దీనికి ఒక చన్ను ఇస్తానన్నారమ్మా."

ఆమె దూడను చూసింది. నన్ను చూసింది.

"మిగతా మూడు బతికున్నాయా?" అంది.

"పొద్దున నేను బయలుదేరేటప్పటికి ఉన్నాయి."

బల్ల మీది కాగితాలు పక్కకు నెట్టి, ఫోనులో రికార్డింగు పెట్టి, "మొదటి నుంచి చెప్పండి" అంది. గొంతులో మునుపటి మెత్తదనం లేదు. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమని అనలేదు. నిలబడే చెప్పాను.