బీరువాను పడగొట్టే పట్టు

మేడమీద గది ఖాళీ అయిన రోజు నుంచే ఆ ఇంట్లో వదినా ఆడపడుచుల మధ్య పోటీ మొదలైంది. ఆ గదికి రెండు పెద్ద కిటికీలున్నాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుతురే వెలుతురు. వదిన దర్జీ పని చేస్తుంది. కింద ఇరుకు గదిలో పట్టపగలే లైటు వేసుకుని, నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టి కుట్టి ఆమె కళ్ళు లాగేస్తున్నాయి. ఆడపడుచు ఇళ్ళ సామాను మార్చే కంపెనీలో పని చేస్తుంది. ఇనుప బరువులు పెట్టుకుని కసరత్తు చేసుకోవడానికి, ఆ తర్వాత కాళ్ళు బారజాపుకుని పడుకోవడానికి ఆమెకు చోటు లేదు. ఇద్దరి కారణాలూ న్యాయమైనవే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇద్దరూ వారానికి మూడు సాయంత్రాలు ఒకే జూడో క్లాసుకు వెళ్తారు. అక్కడ వదినను అందరూ గుండుసూది అంటారు. ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ, నలభై ఆరు కిలోలు. ఆడపడుచును బీరువా అంటారు. ఒకసారి లిఫ్టు చెడిపోతే ఆమె నిజంగానే ఒక బీరువాను వీపుకు కట్టుకుని మూడంతస్తులు ఎక్కింది. "తొంభై కిలోలు" అని గొప్పగా చెప్పుకుంటుంది. "బీరువానా, నువ్వా?" అని అడిగితే "ఇద్దరం కూడా" అంటుంది.

పంచాయితీ అత్తగారి దగ్గరకు వెళ్ళింది. ఆవిడ ముప్పై ఏళ్ళు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. ఎంత పెద్ద అరుపుకీ బెదరదు.

"గది ఎవరిదో నన్నడక్కండి. ఒకతి కూతురు, ఒకతి కోడలు. ఎటు చెప్పినా నాకే తంటా. వారానికి మూడుసార్లు ఒకళ్ళనొకళ్ళు ఎత్తి పడేసుకుంటున్నారుగా, అక్కడే తేల్చుకోండి. అవతలివాళ్ళు విసిరితే ఎవరి వీపు నేలకంటుతుందో వాళ్ళు ఇక గది మాటెత్తకూడదు" అంది.

"ఇదెక్కడి న్యాయం అత్తయ్యా! తను నాకు రెండింతలుంది!"

"ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. ఇది ఇద్దరు మొగుళ్ళంత ఉంది. నన్నేం చెయ్యమంటావ్?"

బీరువా పకపకా నవ్వింది. "మూడు వారాలు టైమిస్తున్నా వదినా. ఈలోగా కాస్త ఒళ్ళు చెయ్యి. విసిరినప్పుడు గాలికి కొట్టుకుపోతావేమో."

ఆ మాట గుండుసూదికి ఎక్కడో గుచ్చుకుంది. మర్నాడే క్లాసుకు గంట ముందు వెళ్ళి మాస్టారిని పట్టుకుంది. ఆయన ఒకప్పుడు పోస్ట్‌మాన్. ఇరవై ఏళ్ళు వీధి కుక్కలను తప్పించుకుంటూ ఉత్తరాలు పంచినవాడు కాబట్టి, తనకన్నా బలమైనవాటితో ఎలా నెట్టుకురావాలో బాగా తెలుసు.

"ఎత్తాలని మాత్రం చూడకు. నడుము మీదికి లాక్కుని విసిరే పట్టు మర్చిపో. నువ్వు ఎత్తేలోపు తను నీ మీద పడుకుంటుంది. మెడ పట్టుకోనివ్వకు. కింద పడితే తన కింద ఉండిపోకు" అన్నాడు మాస్టారు.

"ఇన్ని వద్దులు చెప్పారు. చెయ్యాల్సిందేంటి మాస్టారూ?"

"నీకు పనికొచ్చేవి రెండే. ఒకటి, అడుగు ఊడవడం. బరువు కాలి మీదికి దిగీదిగని ఆ క్షణంలో ఆ పాదాన్ని నీ అరికాలితో పక్కకి ఊడ్చెయ్యాలి. దానికి బలం అక్కర్లేదు, అదను తెలిస్తే చాలు. రెండోది, తల మీదుగా విసరడం. తను తోస్తూ మీదికొచ్చినప్పుడు నువ్వే వెనక్కి పడుతూ, తన పొట్టకి పాదం ఆనించి, తల మీదుగా అవతలికి పంపించెయ్యాలి. కానీ తను తోస్తేనే సుమా. తొయ్యకపోతే నీ అంతట నువ్వే పక్కేసుకుని పడుకున్నట్టు."

గుండుసూది అడుగు ఊడవడమే ఎంచుకుంది. ఎంచుకోవడానికి కారణం కూడా ఆ వారంలోనే చేతికి దొరికింది. బీరువా తన రెండు ప్యాంట్లు మడత విప్పి మళ్ళీ కుట్టమని ఇచ్చింది. రెండింటికీ కుడికాలి అంచే అరిగి, పీలికలు పట్టింది. ఎడమ అంచు కొత్తదానిలా ఉంది. గుండుసూది వీధిలోకి తొంగిచూసి, పనికి వెళ్తున్న ఆడపడుచు నడకను పరీక్షగా గమనించింది. ఏళ్ళ తరబడి కుడిభుజం మీద బరువులు మోసిన మనిషి. ఆ కుడిపాదం నేలను వదల్లేక వదులుతూ, కాస్త ఈడ్చుకుంటూ ముందుకొస్తోంది. దర్జీకి అంతకన్నా కొలత ఏం కావాలి?

అయితే ఆ సంగతి పైకి పొక్కనివ్వకూడదు. అందుకని ఆమె ఇల్లంతా చూసేలా రెండో పట్టును సాధన చెయ్యడం మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం ముందుగదిలో పరుపు పరిచి, భర్తను నిలబెట్టి, "తొయ్యండి" అనేది. ఆయన తోసేవాడు. మరుక్షణం ఆమె తల మీదుగా ఎగిరి పరుపు మీద పడేవాడు. ఆయన ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. పడుతూ లేస్తూ కళ్ళజోడు సర్దుకుంటూ, "పెళ్ళిచూపుల్లో ఈ సంగతి చెప్పలేదు నువ్వు" అని గొణిగేవాడు.

అసలు సాధన మాత్రం కుట్టుగదిలో, తలుపు మూసుకుని. గుడ్డపీలికలతో బంతి చుట్టి, నేలమీద దొర్లించి, అది సరిగ్గా గీత దగ్గరకొచ్చేసరికి పాదంతో ఊడ్చేది. రెండు వారాలు తిరిగేసరికి బంతి ఒక్కసారి కూడా తప్పిపోవడం లేదు. ఒకరోజు భర్త టీ కప్పుతో లోపలికొచ్చాడు. ఆమె పాదం ఆగలేదు. ఆయన కూర్చునే భంగిమలో గాల్లోకి లేచి, కప్పుతో సహా నేలకు దిగాడు.

"అయితే ఆ తలమీది విసురు ఉత్తదా?" అన్నాడు, టీలో కూర్చునే.

"ష్! మీ చెల్లెలికి చెప్పారంటే ఊరుకోను."

ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. మర్నాడు బీరువా యథాలాపంగా, "అన్నయ్యా, వదిన నిజంగా ఆ విసురే వేస్తుందంటావా?" అని అడిగేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నాకేం తెలుసు, కుట్టుగదిలోకి నేనసలు వెళ్ళనే లేదు" అన్నాడు. బీరువాకు ఆ ముక్క చాలు. కిటికీ సందులోంచి ఒక్కసారి చూసి, గుట్టంతా తెలుసుకుంది.

పోటీ రోజున క్లాసులో ఉన్నవాళ్ళంతా గోడల వెంబడి కూర్చున్నారు. అత్తగారు కుర్చీ వేయించుకుని మరీ ముందు కూర్చుంది, కొడుకు ఆవిడ పక్కన నిలబడ్డాడు. మాస్టారు "కానివ్వండి" అన్నాడు.

గుండుసూది ఆడపడుచు చేతి పట్టు నుంచి మెడ తప్పించుకుంటూ, చుట్టూ తిరుగుతూ, కుడిపాదం కోసం కాచుకుంది. ఆ పాదం కదిలింది. ఆమె ఊడ్చింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. బీరువా కుడికాలిని నీళ్ళలో కొంగలా పైకెత్తి, జాగ్రత్తగా దించుతోంది. రెండోసారీ అంతే. బీరువా కన్నుగీటింది. "ఏం వదినా, నేల శుభ్రంగానే ఉందిగా, ఎందుకు ఊడుస్తున్నావ్?"

గుండుసూది తేరుకునేలోపే బీరువా ఆమెను గాల్లోకి లేపేసింది. పడుతూ పడుతూ గుండుసూది పిల్లిలా మెలిదిరిగి పొట్ట మీద పడింది కాబట్టి అది లెక్కలోకి రాలేదు. అయినా బీరువా వదల్లేదు. తిరగేసి, పైనెక్కి, నిండిన సూట్‌కేసు మూత పెట్టినట్టు అదిమి పట్టింది. ఇలా తిరగేసి అదిమినప్పుడు వీపు నేలకంటితే చాలదు, ఇరవై లెక్కపెట్టేదాకా అలాగే ఉంచితేనే ఆట ముగుస్తుంది. మాస్టారు లెక్క మొదలుపెట్టాడు.

అత్తగారికి పాత అలవాటు తన్నుకొచ్చింది. "ఊపిరి తీసుకో! తీసుకుని వదులు! ఇంకాస్త, ఇంకాస్త ముక్కు!" అని కుర్చీలోంచి లేచిపోయింది.

"అమ్మా, నువ్వు ఎవరి పక్షం?" అని అరిచింది బీరువా.

ఆ అరుపులో పట్టు వెంట్రుకవాసి సడలింది. పదిహేడో లెక్క దగ్గర గుండుసూది తన రెండు కాళ్ళతో ఆడపడుచు కాలొకటి చుట్టేసింది. కాలు చిక్కితే ఆ పట్టు చెల్లదు. మాస్టారు ఇద్దరినీ లేపి నిలబెట్టాడు.

గుండుసూదికి చెమట కళ్ళలోకి దిగుతోంది. ఎదురుగా ఆడపడుచును చూసింది. బీరువా చూపంతా కిందే ఉంది. ఊడ్చే కాలు ఎటునుంచి వస్తుందా అని పాదాలనే కాపలా కాస్తోంది. తలమీది విసురు సంగతి ఆమె మనసులో లేనే లేదు. అది ఉత్తదని తేలిపోయింది కదా. ఉత్తదే. కానీ నటన కోసమైనా సరే, రెండు వారాలకు పైగా నిక్షేపంలాంటి మొగుణ్ణి రోజుకు ఇరవైసార్లు విసిరిన మాట నిజమే!

గుండుసూది కావాలనే ఒక దొంగ ఊడ్పు ఊడ్చింది. బీరువా కాలెత్తి తప్పించుకుంది. ఇంకోటి. ఇంకోటి. "చాల్లే వదినా!" అని విసుగ్గా తల వంచి, ఉన్న బరువంతా వేసి ముందుకు తోసింది.

గుండుసూది ఆ తోపుకు ఎదురు నిలవలేదు. రెండు చేతులా ఆమె జూడో కోటు పట్టుకుని, ఆడపడుచు కాళ్ళ మధ్యకు జారి కూర్చుని, పొట్టకు పాదం ఆనించి వెల్లకిలా దొర్లింది. బీరువా ఆమె తల మీదుగా, ఫ్యానును పలకరించి వస్తున్నట్టు, నిదానంగా గుండ్రంగా తిరిగి అవతల వీపు మీద పడింది. ఆ చప్పుడుకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

బీరువా కప్పు వంక చూస్తూనే, "అది ఉత్తదే కదా అన్నయ్యా!" అంది. ఆయన అప్పటికే తల్లి కుర్చీ వెనక్కి చేరిపోయాడు.

"ఇందాకటిదాకా ఉత్తదే" అంది గుండుసూది, ఆయాసపడుతూ. ఆ తర్వాత ఆమెకు భయమేసింది. పాకుతూ వెళ్ళి, "దెబ్బ తగిలిందా తల్లీ?" అని ఆడపడుచు తల నిమిరింది.

"తగిలింది. పరువుకి" అంది బీరువా. ఇద్దరూ అలా నేలమీదే పడి పడి నవ్వారు.

మర్నాడు పొద్దున భార్యాభర్తలు కుట్టుమిషన్ను మేడమీదికి ఎక్కించబోయారు. అది ఇనుప కాళ్ళ పాత మిషను. మూడో మెట్టు మీద మొరాయించింది. ఆయన కింద, ఆమె పైన, మధ్యలో మిషను. ముందుకూ వెళ్ళదు, వెనక్కీ రాదు.

పనికి బయల్దేరబోతున్న బీరువా ఆ దృశ్యాన్ని కాసేపు తనివితీరా చూసింది. తర్వాత అన్నను పక్కకు జరిపి, మిషన్ను భుజానికెత్తుకుని, ఒక్క ఊపులో పైకి తీసుకెళ్ళి కిటికీ పక్కన దించింది. ఎటు వెలుతురు బాగా పడుతుందో చూసి మరీ కాస్త జరిపింది. కానీ వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి గోళ్ళు చూసుకుంటోంది.

"ఏమ్మా?" అంది గుండుసూది.

"ఆ విసురు నాక్కూడా నేర్పు వదినా. మా గోడౌన్లో కొత్తగా చేరిన ఒకడు నాకన్నా మూరెడు పొడుగుంటాడు. ఆడవాళ్ళు పియానోలు మొయ్యలేరంటాడు. శనివారం క్లాసుకు రమ్మని పిలిచా."

"అతను తోస్తేనే కదా అది పనికొచ్చేది?"

"తోసేలా మాట్లాడే పూచీ నాది."

గుండుసూది కుట్టాల్సిన కోటును కుర్చీ మీద పడేసింది. "అయితే కింద నుంచి పరుపు పట్రా. మీ అన్నయ్య ప్రెస్సుకు వెళ్ళిపోకముందే కేకెయ్యి" అంది.