నాలుగో స్తంభం

మా మామగారు ఒరెస్తేని సాన్ బియాజో చర్చికి తీసుకెళ్లడం ఇది మూడోసారి. మొదటిసారి వెళ్తే సోమవారం సెలవన్నారు. రెండోసారి తాళంచెవులున్న మనిషి భోజనానికని వెళ్లి ఇక తిరిగి రాలేదు. ఎనభై రెండేళ్ల మనిషిని ఆ ఎత్తు వీధిలో నడిపించి నా ఓపిక అడుగంటింది. మానేద్దామంటే, "నువ్వు రాకపోతే ఒక్కణ్ణే పోతా" అని టోపీ పెట్టుకుంటారు.

ఈసారి తలుపు తెరిచే ఉంది. రోమన్ల నాటి జూనో దేవత గుడిని కూల్చకుండా దాని చుట్టూనే ఆ చర్చి కట్టారు. పాత స్తంభాలు కుడివైపు గోడలో సగం దిగబడి కనిపిస్తాయి. లివియో అనే గైడు పదిమంది యాత్రికులకు వాటిని చూపిస్తున్నాడు.

"మిగిలినవి ఈ మూడే. నాలుగోది భూకంపంలో పోయింది."

"పోలేదు," అన్నారు మామగారు.

నేను మోచేత్తో పొడిచాను. ఆయన పట్టించుకోలేదు.

"ఆ మూల గోడ వెనకాల ఉంది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. స్తంభం పగిలింది, జనం మీద పడుతుందని ఫాదర్ దాని చుట్టూ గోడ కట్టించాడు. కట్టింది నేనే."

లివియో నిట్టూర్చాడు. "పెద్దాయనా, పుస్తకాల్లో ఎక్కడా లేదండీ అది."

"పుస్తకం రాసినవాడు ఇటుకలు మోశాడా?"

అంటూనే అడ్డంగా కట్టిన తాడు కిందనుంచి దూరారు. లివియో వద్దంటున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "మావయ్యా, ఇంక మిమ్మల్ని గుమ్మం కూడా దాటనివ్వను," అన్నాను.

ఆయన చేతికర్రతో గోడ మీద కొట్టారు. గట్టిగా మోగింది. రెండడుగులు జరిగి కొట్టారు. డొల్లగా మోగింది.

లివియో కూడా వచ్చి పిడికిలితో తట్టాడు. మళ్లీ తట్టాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి ఎవరితోనో, "లేదు, రేపు కాదు, ఇప్పుడే రండి," అన్నాడు.

దిగి వస్తుంటే అడిగాను, "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు?"

నెల తర్వాత నాలుగు ఇటుకలు తీసి మమ్మల్ని పిలిచారు. లోపల దీపం వెలుగులో నాలుగో స్తంభం పాలరాతి గాడులు మెరుస్తున్నాయి. అందరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. మామగారు మాత్రం విరిగిన ఇటుక చేతిలోకి తీసుకుని లివియో మీద విరుచుకుపడ్డారు.

"ఇంత శుభ్రంగా కట్టిన గోడని ఇలాగేనయ్యా పగలగొట్టేది?"